సెన్సర్ నుంచి కబురు రాలేదంటే అంతా బాగున్నట్టేనా?

సాయంత్రం స్కూల్ బస్సు యాప్ తెరుస్తారు. బస్సు బొమ్మ ఒకే చోట కదలకుండా ఉంటుంది. ఐదు నిమిషాలు గడిచినా అక్కడే. అప్పుడు ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జికి వచ్చే ఫోన్లన్నిటిలో ప్రశ్న ఒకటే: "బస్సు ఎందుకు ఆగింది సార్?" చాలాసార్లు బస్సు ఆగి ఉండదు. టవర్ సిగ్నల్ సరిగా అందని ఏ కాలనీలోనో దాని కబురు ఆగి ఉంటుంది. యాప్‌కు ఈ రెంటికీ తేడా తెలియదు. చివరిసారి విన్న చోటునే చూపిస్తూ ఉంటుంది. అందుకే పేరెంట్స్ ముందుగా చూడాల్సింది బొమ్మను కాదు, దాని పక్కన చిన్న అక్షరాల్లో ఉండే 'చివరి అప్‌డేట్' సమయాన్ని. అది ఐదు నిమిషాల కిందటిదైతే, ఇప్పుడు బస్సు ఎక్కడుందో యాప్‌కు తెలియదని అర్థం.

ఈ నెల పాఠం ఈ 'తెలియదు' గురించే. దీన్ని ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. సైన్స్ ఎగ్జిబిషన్‌కు పిల్లలు తెచ్చే ప్రాజెక్టుల్లో ఇప్పుడు సెన్సర్లవే ఎక్కువ. పొలంలో తేమ కొలిచేవి, ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటి మట్టం చెప్పేవి, గ్యాస్ లీకైతే ఫోన్‌కు మెసేజ్ పంపేవి. అన్నీ బల్ల మీద చక్కగా పనిచేస్తాయి. సెన్సర్‌కూ రిసీవర్‌కూ మధ్య ఉండేది జానెడు దూరమే మరి. అసలు కథ ఆ దూరం పెరిగినప్పుడు మొదలవుతుంది.

ముందుగా నెట్‌వర్క్ అంటే ఏమిటో చూద్దాం. ఒక చిన్న పెట్టెలో ఒక సెన్సర్, ఒక చిన్న కంప్యూటర్ చిప్, ఒక రేడియో, ఒక బ్యాటరీ ఉంటాయి. దీన్ని నోడ్ అంటారు. ఇలాంటివి పదులో వందలో ఒక ప్రదేశంలో అమర్చి, అన్నీ తమ కొలతలను ఒక గేట్‌వేకు చేర్చేలా చేస్తే అది వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్. దూరంగా ఉన్న నోడ్ నేరుగా గేట్‌వేను అందుకోలేదు కాబట్టి, పక్క నోడ్‌కు ఇస్తుంది, అది తన పక్కదానికి ఇస్తుంది. ఇటుకలు చేతులు మార్చుకుంటూ మేడ మీదికి చేర్చినట్టే. ఒక నోడ్ నుంచి పక్క నోడ్‌కు కబురు వెళ్లడాన్ని ఒక హాప్ అంటారు.

సిగ్నల్ ఎంత తగ్గుతుంది?

మీ చేతిలోని ఫోన్‌తోనే మొదలుపెట్టవచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని 'అబౌట్ ఫోన్'లో సిమ్ స్టేటస్ అనే చోట సిగ్నల్ బలం ఒక మైనస్ అంకెగా కనిపిస్తుంది. మైనస్ 70 డీబీఎం, మైనస్ 110 డీబీఎం, ఇలా. ఇవి లాగరిథమ్ లెక్కలు. పది తగ్గిందంటే సిగ్నల్ పదో వంతైంది. మైనస్ 70 ఉన్న హాల్లోంచి మైనస్ 110 ఉన్న స్టోర్ రూమ్‌లోకి నడిచారంటే మీ ఫోన్‌కు అందే సిగ్నల్ పదివేలో వంతుకు పడిపోయింది. అయినా ఫోన్ ఒక్కోసారి పనిచేస్తూనే ఉంటుంది! రేడియో రిసీవర్లు అంత సున్నితమైనవి. ఒక సాధారణ సెన్సర్ నోడ్ ఒక మిల్లీవాట్ శక్తితో పంపుతుంది. అవతలి నోడ్ ఆ మిల్లీవాట్‌లో వంద కోట్లో వంతు అందినా అర్థం చేసుకోగలదు. అంటే మైనస్ 90 డీబీఎం అన్నమాట.

ఈ లెక్కన చూస్తే నోడ్లు చాలా దూరం మాట్లాడుకోగలగాలి. ఏ అడ్డూ లేని చోట దూరం రెట్టింపైతే సిగ్నల్ నాలుగో వంతవుతుంది. పదో తరగతి పిల్లలు కూడా వేయగలిగిన లెక్క ఇది. వైఫై, బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు ఈ లెక్క వేస్తే ఒక మిల్లీవాట్‌తోనే కొన్ని వందల మీటర్లు వస్తుంది. డబ్బా మీద అచ్చువేసే రేంజ్ ఇలాంటి లెక్కల నుంచి, ఇలాంటి చోట్ల తీసిన కొలతల నుంచి వస్తుంది. ఆన్‌లైన్‌లో మాడ్యూల్ కొనేటప్పుడు ఆ అంకెను చూసి ఆశ పెట్టుకోవద్దు.

ఎందుకంటే పొలంలో నోడ్ మోకాలి ఎత్తులో ఉంటుంది. తరంగం రెండు దారుల్లో వెళ్తుంది: నేరుగా ఒకటి, నేలకు తగిలి పరావర్తనం చెంది ఇంకొకటి. ఒక హద్దు దాటాక ఈ రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం మొదలవుతుంది. రెండు యాంటెన్నాలూ నేలకు ఒక మీటరు ఎత్తులో ఉంటే, 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ హద్దు సుమారు 30 మీటర్లు. అక్కడి నుంచి దూరం రెట్టింపైతే సిగ్నల్ నాలుగో వంతు కాదు, పదహారో వంతవుతుంది. ఇదే లెక్కను తిరగేస్తే ఒక మంచి కబురు కూడా ఉంది. ఆ హద్దు దాటిన దూరంలో రెండు యాంటెన్నాల ఎత్తునూ రెట్టింపు చేస్తే సిగ్నల్ పదహారు రెట్లు పెరుగుతుంది. రేడియో శక్తిని పదహారు రెట్లు పెంచాలంటే బ్యాటరీ గగ్గోలు పెడుతుంది. ఒక వెదురు కర్రతో ఆ పని అయిపోతుంది. పిల్లల ప్రాజెక్టుల్లో ఖరీదైన మాడ్యూళ్లు చూసినప్పుడల్లా ఈ వెదురు కర్రే గుర్తొస్తుంది.

ఇంకో సంగతి. కంటికి కనిపించే దూరంలో ఉంటే సిగ్నల్ అందుతుందని అనుకుంటాం. రేడియో తరంగం దారంలా సన్నగా వెళ్లదు. రెండు యాంటెన్నాల మధ్య కీర దోసకాయ ఆకారంలో, నడుమ ఉబ్బెత్తుగా, కొంత చోటు ఖాళీగా కావాలి. నోడ్ల మధ్య దూరం 100 మీటర్లైతే ఆ దోసకాయ నడిమి వ్యాసార్ధం సుమారు ఒకటీ ముప్పావు మీటరు. మోకాలి ఎత్తు నోడ్లకు దాని అడుగు భాగమంతా నేలలోనే ఉంటుంది. పంట పెరిగితే మిగతాది ఆకుల్లో మునుగుతుంది. ఆకుల్లో ఉండేది ఎక్కువగా నీరే, నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది. నాట్లప్పుడు పనిచేసిన నెట్‌వర్క్ పంట ఏపుగా ఎదిగాక మూగబోవడం వింతేమీ కాదు.

ఇళ్లలో సంగతి వేరు. ట్యాంకు నీటిమట్టం ప్రాజెక్టులో సెన్సర్ డాబా మీద, రిసీవర్ గ్రౌండ్ ఫ్లోర్ కిచెన్‌లో ఉంటుంది. మధ్యలో ఇనుప ఊచల కాంక్రీటు శ్లాబు ఉంటుంది. ఒక్క శ్లాబు ఉజ్జాయింపుగా 15 డెసిబెల్స్ తినేస్తుంది, అంటే ముప్పైయో వంతు మిగులుతుంది. రెండు శ్లాబులైతే ఎంత మిగులుతుందో అబ్బాయినో అమ్మాయినో లెక్క వేయమనండి. మెట్ల సందులోంచి వచ్చే సిగ్నల్ శ్లాబులోంచి వచ్చేదానికన్నా బలంగా ఉండటం కూడా మామూలే.

గోడలకు తగిలి వచ్చే తరంగాల వల్ల ఇంకో తమాషా జరుగుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం పన్నెండున్నర సెంటీమీటర్లు. రెండు దారుల్లో వచ్చిన తరంగాల ప్రయాణంలో అందులో సగం, అంటే ఆరు సెంటీమీటర్లు తేడా వచ్చిందంటే అవి కొట్టేసుకోగలవు. నోడ్‌ను నాలుగు వేళ్ల వెడల్పు పక్కకు జరిపితే చచ్చిన లింకు బతుకుతుంది, బతికిన లింకు చస్తుంది. ఇంటర్‌లో తరంగాల పాఠానికి వచ్చిన పిల్లలకు దీని పేరు తెలుసు: వ్యతికరణం. పుస్తకంలో రెండు చీలికల బొమ్మతో చదివింది మీ వంటింట్లోనే జరుగుతోంది.

తొంభై మార్కులు చాలవు

ఒక లింకులో పంపిన 100 మెసేజ్‌లలో 90 చేరుతున్నాయనుకుందాం. పేరెంట్స్‌గా 90 అంటే మనందరికీ మంచి మార్కులే. ఇప్పుడు ఐదు హాప్‌లు దాటాలి. 0.9ని ఐదుసార్లు గుణిస్తే 0.59. పది హాప్‌లైతే 0.35. ప్రతి లింకూ 90 మార్కులు తెచ్చుకున్నా, మూడింట రెండు వంతుల కబుర్లు దారిలోనే పోయాయి!

దీనికి మందు సులువే. కబురు అందిన నోడ్ 'అందింది' అని తిరుగు కబురు ఇవ్వాలి. అది రాకపోతే పంపిన నోడ్ ఇంకోసారి పంపాలి. ఒక్కసారి మళ్లీ ప్రయత్నిస్తే చాలు, లింకు విఫలమయ్యే అవకాశం పదో వంతు నుంచి నూరో వంతుకు తగ్గుతుంది. పది హాప్‌ల తర్వాత కూడా సుమారు 90 శాతం చేరతాయి. కాలిక్యులేటర్‌తో సరిచూడండి. అయితే ఈ లెక్కలో ఒక నమ్మకం దాగుంది. మొదటి ప్రయత్నం పోయిన కారణం రెండోదానికి ఉండదని. రెండు నోడ్ల మధ్య ఒక ట్రాక్టర్ వచ్చి ఆగిందనుకోండి, పదిసార్లు పంపినా పోయేదే. తిరుగు కబురే దారిలో పోతే, అందిన మెసేజ్‌నే మళ్లీ పంపడం కూడా జరుగుతుంది. పైగా ఎ నుంచి బికి వినిపించినంత బాగా బి నుంచి ఎకు వినిపించకపోవచ్చు. తక్కువ శక్తితో పనిచేసే రేడియోలలో ఇలాంటి ఒంటి వైపు లింకులు మామూలేనని 2003 నాటికే పరిశోధకులు కొలిచి చూపించారు.

బ్యాటరీ సంగతికొస్తే పిల్లలను ఆశ్చర్యపరిచే నిజం ఒకటుంది. ఈ చిన్న రేడియోలకు మాట్లాడడానికి ఎంత కరెంటు కావాలో, ఊరికే వింటూ కూర్చోవడానికీ దాదాపు అంతే కావాలి. సుమారు 20 మిల్లీయాంపియర్లు. 2500 మిల్లీయాంపియర్-గంటల బ్యాటరీ ఆ లెక్కన ఐదు రోజుల్లో ఖాళీ అవుతుంది. నెలల తరబడి పనిచేయాలంటే నోడ్ ఎక్కువ సమయం నిద్రపోవాలి, క్షణం పాటు మేలుకొని, కబురు చెప్పి విని మళ్లీ పడుకోవాలి. ఇద్దరూ ఒకే క్షణంలో మేలుకుంటేనే మాట కలుస్తుంది. కానీ చవక గడియారం చిప్ రోజుకు ఒకటి రెండు సెకన్లు ముందుకో వెనక్కో జరుగుతుంది. వారం గడిచేసరికి ఒకరు లేచినప్పుడు ఇంకొకరు నిద్రలో ఉంటారు. సిగ్నల్ బలంగానే ఉంటుంది, అడ్డేమీ ఉండదు, కబురు మాత్రం చేరదు. అందుకే నెట్‌వర్క్‌లో గడియారాలను తరచూ సరిచేసుకునే ఏర్పాటు ఉండాలి.

పొలంలో, కొండ మీద

2005లో నెదర్లాండ్స్‌లో ఒక బంగాళదుంప పొలంలో సుమారు వంద నోడ్లు పెట్టారు. ఆకుల దగ్గర తేమ, ఉష్ణోగ్రత చూసి తెగులు ఎప్పుడు వస్తుందో ముందే పసిగట్టాలన్నది ఆలోచన. చివరికి చేతికొచ్చింది రావాల్సిన డేటాలో 2 శాతం. ఆ బృందం తమ అనుభవాన్ని దాచుకోలేదు, మర్ఫీకి బంగాళదుంపలంటే ఇష్టమని అర్థమొచ్చే శీర్షిక పెట్టి పరిశోధన పత్రంగా ప్రచురించింది. చెడిపోయే అవకాశం ఉన్నది చెడిపోయే తీరుతుందన్న మర్ఫీ నియమం మీద వేసిన జోకు అది. అక్కడ దెబ్బతీసినవాటిలో రేడియో కన్నా సాఫ్ట్‌వేర్ పొరపాట్లే ఎక్కువ. రేడియో కొలతల్లో మాత్రం ఊహించని విషయం ఒకటి తేలింది. పంట దట్టమయ్యేకొద్దీ సిగ్నల్ తగ్గింది, అది అనుకున్నదే. రాత్రిపూట, వాన పడేటప్పుడు, గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు సిగ్నల్ మెరుగ్గా అందింది! నీరంటే సిగ్నల్‌కు శత్రువే అని పైన మేం రాసిన వాక్యం చదివి ఎవరైనా అంచనా వేసి ఉంటే, పొలం వాళ్ల అంచనాను తిప్పికొట్టేది. కొలిచి చూడాల్సిందే తప్ప ఇంట్లో కూర్చొని చెప్పగలిగింది కాదు.

మన దేశంలో చూడాల్సింది కేరళలోని మున్నార్. టూర్లకు వెళ్లి టీ తోటల్లో ఫొటోలు దిగే మున్నారే. ఆ పట్టణం పక్కనే ఉన్న ఆంథోనియార్ కాలనీలో 2005లో కొండచరియలు విరిగిపడ్డాయి. అమృత విశ్వవిద్యాపీఠం పరిశోధకులు ఆ కొండవాలులో బోర్లు వేసి, మట్టి పొరల్లో నీటి ఒత్తిడిని, నేల కదలికను కొలిచే సెన్సర్లు దించి, వాటిని వైర్‌లెస్ నోడ్లకు కలిపారు. కొండ మీది కొలతలు నోడ్ల మీదుగా గేట్‌వేకు, అక్కడి నుంచి వైఫై లింకుతో ఒక కేంద్రానికి, అక్కడి నుంచి ఉపగ్రహం ద్వారా కొల్లం జిల్లాలోని క్యాంపస్‌కు చేరతాయి. 2009 జూలై భారీ వర్షాల్లో ఈ వ్యవస్థ చూపిన కొలతల ఆధారంగా హెచ్చరిక జారీ చేశారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. కొండచరియ ఎప్పుడు జారుతుంది? రోజుల తరబడి వాన కురిసి మట్టి నీళ్లతో బరువెక్కినప్పుడు. అదే సమయంలో మబ్బుల వల్ల సోలార్ ప్యానెల్‌కు ఎండ ఉండదు, బ్యాటరీ బలహీనంగా ఉంటుంది. పెద్ద వానలో ఇంట్లో డిష్ టీవీ ఆగిపోవడం మనకు తెలిసిందే. దాని తరంగాలు పది గిగాహెర్ట్జ్ పైన ఉంటాయి, వాటిని వాన చినుకులు మింగేస్తాయి. ఉపగ్రహ లింకులకూ ఆ బెడద ఉంది. అంటే కబురు అత్యవసరమైన రోజే కబురు తప్పిపోవడానికి ఎక్కువ అవకాశం ఉన్న రోజు. ఆ బృందం రెండు జాగ్రత్తలు తీసుకుంది. ముప్పు తక్కువగా ఉన్న రోజుల్లో నోడ్లను ఎక్కువసేపు నిద్రపుచ్చి బ్యాటరీ దాచిపెట్టి, వాన పెరిగేకొద్దీ తరచుగా కొలవడం ఒకటి. ఉపగ్రహం అందకపోతే బ్రాడ్‌బ్యాండ్, అదీ లేకపోతే మొబైల్ నెట్‌వర్క్ ద్వారా డేటా పంపే ఏర్పాటు ఇంకొకటి.

సున్నా వేరు, గైర్హాజరు వేరు

ఇప్పుడు పిల్లల ప్రాజెక్టుకు వద్దాం. చాలా ప్రాజెక్టుల్లో ప్రోగ్రాం ఇలా ఉంటుంది: గ్యాస్ లీకైతే మెసేజ్ పంపు. మెసేజ్ రాకపోతే లీకు లేదనే అర్థం చేసుకుంటాం. కానీ బ్యాటరీ అయిపోయినా, వైఫై పోయినా, వైరు ఊడినా మెసేజ్ రాదు. నాలుగు పరిస్థితులకూ ఒకే మౌనం. ఇంకొన్ని ప్రాజెక్టుల్లో డేటా రాని చోట ప్రోగ్రాం సున్నా వేసేస్తుంది. ట్యాంకులో నీళ్లు సున్నా, మోటార్ ఆన్! నిండిన ట్యాంకు పొంగి డాబా అంతా నీళ్లు.

తరగతిలో టీచర్ హాజరు ఎలా తీసుకుంటారో చూడండి. గైర్హాజరైన పిల్లవాడు 'నేను రాలేదు' అని చెప్పడు. రిజిస్టర్‌లో ప్రతి రోల్ నంబరూ పిలుస్తారు కాబట్టి, పలకనివాడు ఎవరో తెలుస్తుంది. నెట్‌వర్క్‌కూ ఇదే ఉపాయం. విశేషమేమీ లేకపోయినా ప్రతి నోడ్ పది నిమిషాలకోసారి 'నేనున్నాను' అని పలకాలి. ప్రతి మెసేజ్‌కూ వరుస నంబరు ఉండాలి. 41, 42, 45 వచ్చాయంటే మధ్యలో రెండు పోయాయని ఇట్టే తెలుస్తుంది. తెర మీద నీటిమట్టంతో పాటు అది ఎప్పటి కొలతో కూడా కనిపించాలి. పావుగంట దాటితే అంకె బదులు 'తెలియదు' అని రావాలి, తెలియనప్పుడు మోటార్ దానంతటది ఆన్ కాకూడదు. దీనికి కొత్త పరికరం అక్కర్లేదు, ప్రోగ్రాంలో నాలుగైదు లైన్లు చాలు.

షాపులో రెడీమేడ్‌గా దొరికే ప్రాజెక్టుల మీద మా అభిప్రాయం పేరెంట్స్‌కు ముందే తెలుసు. కొనవద్దని మేం శాసించలేం. తెలిసినవాళ్లతో చేయించిన ప్రాజెక్టైనా సరే, ఎగ్జిబిషన్‌కు ముందు ఇంట్లో ఒక్కసారి మీరే అడగండి: "దీన్ని పక్క గదిలో పెడితే ఏమవుతుంది? ఆ వైరు పీకేస్తే ఇది ఏం చూపిస్తుంది?" జవాబు తెలియకపోతే తిట్టనక్కర్లేదు. ఇద్దరూ కలిసి పీకి చూడండి. పనిచేసిన ప్రాజెక్టు కన్నా, ఎంత దూరంలో పనిచేయడం మానేసిందో కొలిచి రాసుకొచ్చిన నోట్‌బుక్‌కు మా జడ్జీలు ఎక్కువ మార్కులు వేస్తారు.

కొలవడానికి రెండు ఫోన్లు చాలు. ఒకదానిలో 2.4 గిగాహెర్ట్జ్ హాట్‌స్పాట్ ఆన్ చేసి నేల మీద పెట్టండి. రెండోదానిలో వైఫై సిగ్నల్ చూపే ఉచిత యాప్ ఒకటి వేసుకొని 5, 10, 20, 40 అడుగుల దూరంలో అంకె రాసుకోండి. అంకె నిలకడగా ఉండదు కాబట్టి ఒక్కో చోట పదిసార్లు చూసి సగటు తీయాలి. తర్వాత హాట్‌స్పాట్ ఫోన్‌ను స్టూలు మీద పెట్టి మళ్లీ కొలవండి. ఆ తర్వాత మీరే మధ్యలో అడ్డంగా నిలబడండి. మనిషి ఒంట్లోనూ నీళ్లే కదా, ఎన్ని డెసిబెల్స్ పోతాయో పిల్లలకు సరదాగా ఉంటుంది. ఆదివారం ఉదయం ఖాళీగా ఉన్న పార్కు అయితే మంచిది, అపార్ట్‌మెంట్ కారిడార్‌లో చుట్టుపక్కల వైఫైలన్నీ కలగలుస్తాయి.

ఈ నెల ప్రశ్న

ఒక మామిడితోటలో ఆరు నోడ్లు ఒకే వరుసలో ఉన్నాయి. ఒక చివర గేట్‌వే ఉంది. ప్రతి నోడ్ తన పక్కదానితో మాత్రమే మాట్లాడగలదు. గేట్‌వే నుంచి లెక్కపెడితే మూడో నోడ్ చెడిపోయింది. ఎన్ని నోడ్ల కబుర్లు ఆగిపోతాయి? అదే ఆరు నోడ్లను తోట చుట్టూ వంచి, ఆరోది కూడా గేట్‌వేకు అందేలా పెడితే?

జవాబు: వరుసలో నాలుగు ఆగిపోతాయి, చెడినదీ దాని వెనకున్న మూడూ. మొదటి నోడే చెడితే ఆరూ పోతాయి. చుట్టూ పెడితే ఏ ఒక్కటి చెడినా పోయేది ఆ ఒక్కటే. మిగతావి రెండో వైపు నుంచి గేట్‌వేకు చేరతాయి. బ్యాటరీ కూడా కలిసొస్తుంది. వరుసలో మొదటి నోడ్ తన కబురుతో పాటు వెనకున్న ఐదింటివీ మోస్తుంది, మొత్తం ఆరు. చుట్టూ పెడితే ఒకటో నోడ్ మూడు, ఆరో నోడ్ మూడు మోస్తాయి. చుట్టూ పెట్టిన తోటలో రెండోదీ ఐదోదీ ఒకేసారి చెడితే ఎన్ని ఆగుతాయో మీ ఇంటి డైనింగ్ టేబుల్‌కే వదిలేస్తున్నాం. పిల్లలు జవాబును బొమ్మతో సహా క్లాస్ టీచర్‌కు ఇవ్వవచ్చు.